నొప్పుల జెల్, బామ్, తైలం: ఏ నొప్పికి ఏది, ఎంత, ఎలా రాయాలి

మా అమ్మ తలగడ పక్కన ఒక పాత బిస్కెట్ డబ్బా ఉండేది. అందులో సగం వాడిన జెల్ ట్యూబులు మూడు, పసుపు రంగు బామ్ సీసా ఒకటి, జిడ్డు పట్టిన తైలం సీసా ఒకటి, దుబాయ్ నుంచి చుట్టాలు తెచ్చిన స్ప్రే ఒకటి. ముప్పై ఏళ్ళు వరి నాట్లలో, మిరప కోతల్లో వంగి పనిచేసిన మోకాళ్ళు ఆమెవి. రాత్రి పడుకోబోయే ముందు చేతికి ఏది తగిలితే అది రాసుకునేది. ఎంత మండితే అంత బాగా పనిచేస్తోందని ఆమె నమ్మకం. ఒక చలికాలం రాత్రి బామ్ దట్టంగా పట్టించి, పాత చీర ముక్క చుట్టి, దానిమీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని నిద్రపోయింది. తెల్లారేసరికి మోకాలి మీద అరచేయంత మేర చర్మం పొక్కిపోయింది. మానడానికి మూడు వారాలు పట్టింది.

ఆ పుండుకు కట్టు మారుస్తూ కూర్చున్న రోజుల్లోనే డబ్బాలోని ఒక్కో ట్యూబునూ తిప్పి, వెనక ఏం రాసి ఉందో చదవడం మొదలుపెట్టాను. అర్థం కానివి అమ్మను చూసే ఎముకల డాక్టరునీ, మందుల షాపులో ఫార్మసిస్టునీ అడిగాను. అలా నాకు తెలిసిన మొదటి సంగతి: ఘాటు వేరు, మందు వేరు. మంట పుట్టించేదంతా వాపు తగ్గించదు. వాపు తగ్గించే మందుకు ఘాటు ఉండాల్సిన పని లేదు. మిగతాదంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

మొదటి పని: ఇది రుద్దాల్సిన నొప్పేనా?

ట్యూబు మూత తీసే ముందు ఒక్క నిమిషం ఆగండి. కొన్ని నొప్పులకు బామ్ రాస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఎడమ చెయ్యి, భుజం, దవడ లాగుతూ, ఛాతీ బరువుగా ఉండి, చెమటలు పడుతుంటే అది కండరం పట్టేయడం అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. "గ్యాస్ పట్టేసింది, కాస్త బామ్ రాయి" అని పడుకున్నవాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి.

ఒక్క కాలి పిక్కే వాచి, వెచ్చగా ఉండి, నొక్కితే నొప్పిగా ఉంటే, ముఖ్యంగా సుదీర్ఘ ప్రయాణం తరవాతో, ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నాకో అలా అయితే, దాన్ని అసలు రుద్దకండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. మర్దనా చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేసి వెళ్ళే అమ్మానాన్నలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ఒక కీలు హఠాత్తుగా ఎర్రబడి, కాలిపోతున్నట్టు ఉండి, జ్వరం కూడా ఉంటే అదే రోజు డాక్టరుకి చూపించాలి. పడ్డాక ఆ కాలి మీద బరువు మోపలేకపోతే ఎక్స్‌రే ముందు, జెల్ తరవాత. నడుము నొప్పితో పాటు కాలు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా రాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్ళండి.

వానాకాలంలో జ్వరంతో పాటు కీళ్ళన్నీ పట్టేస్తే చికున్‌గున్యా కావచ్చు. 2005-06లో ఆంధ్రప్రదేశ్‌లో అది ఎలా విరుచుకుపడిందో ఆ తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వంగిపోయి, గోడలు పట్టుకుని నడిచిన మనుషులు. అదే దోమ డెంగీని కూడా మోస్తుంది. డెంగీ కాదని పరీక్షలో తేలేవరకు ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందుల జోలికి వెళ్ళకూడదు. అప్పటిదాకా డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు.

ఇంకో చిన్న పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. పొద్దున లేచాక కీళ్ళు బిగుసుకుని ఎంతసేపు ఉంటున్నాయో గడియారం చూసి లెక్కపెట్టండి. నాలుగడుగులు వేశాక, అరగంటలోపే వదిలితే సాధారణంగా అది అరుగుదల. గంట దాటినా వేళ్ళు ముడవలేకపోతుంటే, రెండు చేతుల చిన్న కీళ్ళూ ఒకేలా వాస్తుంటే కీళ్ళవాతం అయ్యే అవకాశం ఉంది. దానికి పైపూతలు సరిపోవు. తొందరగా మందులు మొదలుపెడితేనే కీళ్ళు వంకర పోకుండా ఉంటాయి.

రెండో పని: ట్యూబు వెనక చదవడం

ముందువైపు బొమ్మలు చూడొద్దు. పరిగెత్తే మనిషి, ఎర్రటి మోకాలు, బాణం గుర్తులు అన్ని ట్యూబుల మీదా ఒకేలా ఉంటాయి. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్నదే అసలు మందు.

మెంథాల్, కర్పూరం. మెంథాల్ అంటే మన పెద్దవాళ్ళు పుదీనా పువ్వు అనేది. ఇవి వాపును తగ్గించవు. చర్మంలోని నరాల చివరలను మభ్యపెడతాయి. నిజానికి చర్మం చల్లబడదు, కానీ చల్లదనాన్ని పసిగట్టే నాడులను మెంథాల్ తట్టిలేపుతుంది. మెదడుకు ఆ చల్లదనం కబురు వెళ్తుంటే నొప్పి కబురు కాసేపు వెనకబడుతుంది. దెబ్బ తగిలిన చోట మనం వెంటనే చేత్తో రుద్దుకోవడం కూడా ఇలాంటిదే. మిరపలోని ఘాటు పదార్థాన్ని పట్టుకుని వేడిని గ్రహించే నాడీ ద్వారాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు, స్పర్శ ద్వారాలను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మెంథాల్‌కు స్పందించే చల్లదనపు ద్వారాన్ని కూడా వాళ్ళిద్దరూ విడివిడిగా గుర్తించారు. మిరప కల్లంలో పనిచేసినవాళ్ళకు ఆ మంట ఎంత నిజంగా అనిపిస్తుందో చెప్పక్కర్లేదు. చెయ్యి కాలదు, కానీ కాలినట్టే ఉంటుంది.

తెలుగువాళ్ళకు బామ్ అనగానే అమృతాంజనమే గుర్తొస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. ఆ వ్యాపారం నిలబడ్డాకే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. తలనొప్పికీ, పని అలసటకూ ఇలాంటి బామ్ ఇచ్చే హాయి నిజమైనదే. ఆ హాయి గంటో రెండు గంటలో ఉంటుందని, లోపలి అరుగుదలను అది ముట్టదని తెలిసి వాడితే చాలు.

మిథైల్ సాలిసిలేట్. చాలా నొప్పుల మందులకు ఉండే ఆ ఘాటైన తియ్యటి వాసన దీనిదే. ఆస్పిరిన్ కుటుంబానికి చెందినది. ఆయుర్వేద ట్యూబుల మీద "గంధపూర తైలం" అని రాసి ఉంటే అది దాదాపు మొత్తం మిథైల్ సాలిసిలేటే. "ఇది ఆకు మందు, ఏమీ కాదు" అనుకుని ఆస్పిరిన్ పడనివాళ్ళు కూడా రాసేసుకుంటారు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు దీన్ని ఎక్కువగా పట్టిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే ఇంకా జాగ్రత్త. ఒక్క చెంచా, అంటే 5 మి.లీ. గంధపూర తైలం మింగితే, 325 మి.గ్రా. ఆస్పిరిన్ మాత్రలు ఇరవైకి పైగా మింగినంత. పసివాళ్ళ ప్రాణం పోవడానికి అది చాలు.

డైక్లోఫెనాక్. మందు అనే మాటకు తగినది ఇదే. మాత్రగా వేసుకునే మందునే చర్మం గుండా పంపడం. ట్యూబు మీద "డైక్లోఫెనాక్ డైఇథైల్అమైన్ 1.16 శాతం" అని ఉంటుంది. రాసినదాంట్లో రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే సుమారు 6 శాతమే కాబట్టి కడుపులో మంట, పుండ్ల భయం చాలా తక్కువ. మోకాళ్ళు, చేతివేళ్ళ అరుగుదలకూ, బెణుకులకూ దీని ఉపయోగం పరీక్షల్లో గట్టిగా తేలింది. మన షాపుల్లో దొరికే చాలా జెల్‌లలో డైక్లోఫెనాక్‌తో పాటు మిథైల్ సాలిసిలేట్, మెంథాల్ కూడా కలిపి ఉంటాయి. చర్మం సున్నితంగా ఉన్నవాళ్ళు, రోజుకు మూడుసార్లు రాయాల్సినవాళ్ళు ఒక్క డైక్లోఫెనాక్ మాత్రమే ఉన్న జెల్ అడిగి తీసుకోవడం మేలు. మా అమ్మకు మార్పు కనిపించింది అదే. మొదట్లో "వాసన లేదు, మంట లేదు, ఇదేం మందు?" అని పక్కన పెట్టేసింది. వారం వాడాక ఆమే అడిగి తెప్పించుకుంది.

క్యాప్సేసిన్. మిరపలోని ఘాటే. 0.025 శాతం లేదా 0.075 శాతం క్రీములుగా దొరుకుతుంది. రోజూ మూడు నాలుగు సార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వదలకుండా రాస్తేనే పని కనిపిస్తుంది. మొదటి వారం మంట గట్టిగానే ఉంటుంది. రాయగా రాయగా ఆ నరాలు నొప్పి కబుర్లు పంపడం తగ్గిస్తాయి. నొప్పి వచ్చినప్పుడు ఒకసారి రాసి వదిలేసేవాళ్ళకు ఇది పనికిరాదు. మిరప ముద్ద నూరి మోకాలికి కట్టడం మాత్రం ఎవరూ చేయకండి. ఘాటు ఎంత ఉందో కొలత ఉండదు, చర్మం కాలిపోతుంది.

మూడో పని: నొప్పిని బట్టి ఎంచుకోవడం

కొత్తగా జిమ్‌కి వెళ్ళినా, ఏడాది తరవాత పొలం పనికి దిగినా, తిరుమల మెట్లెక్కి దిగినా మర్నాడు తొడలు, పిక్కలు పట్టేస్తాయి. ఈ నొప్పి రెండో రోజు, మూడో రోజు ముదిరి వారంలోపు తనంతట తానే పోతుంది. దీనికి మందు జెల్ అక్కర్లేదు. గోరువెచ్చని నువ్వుల నూనెతో మెత్తగా మర్దనా, లేదా మెంథాల్ బామ్, కాస్త నడక సరిపోతాయి.

కాలు మడతపడి చీలమండ బెణికితే మొదటి రెండు మూడు రోజులు కాపడం వద్దు, గట్టి మర్దనా వద్దు. మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. బెణుకు "సరిచేస్తాను" అని లాగి తిప్పేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తారు. ఎముకలను కలిపి పట్టుకునే లిగమెంటు చిరిగి ఉంటే దాన్ని ఇంకా చింపడమే అది. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట, కాలు ఎత్తులో పెట్టడం, నొక్కకుండా పైపైన డైక్లోఫెనాక్ జెల్ పూయడం. ఇంతే.

మోకాళ్ళ అరుగుదల, చేతివేళ్ళ కీళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ మంచి మొదటి ఎంపిక. అరవై దాటి, బీపీ, షుగర్ మందులు వాడుతున్నవాళ్ళకు మాత్రల కన్నా ఇది ముందు ఆలోచించాల్సినది. తొంటి కీలుకు మాత్రం పెద్దగా ఉపయోగపడదు. ఆ కీలు లోతుగా ఉంటుంది, పైన రాసిన మందు అక్కడిదాకా చేరదు. నడుములో డిస్కు జారినప్పుడూ అంతే. పైన పట్టేసిన కండరం కాస్త వదులుతుందేమో గానీ, లోపల నొక్కుకుపోయిన నరానికి జెల్ అందదు. నెలల తరబడి నడుముకు ట్యూబుల మీద ట్యూబులు రాసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ డబ్బుతో ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగు వ్యాయామాలు నేర్చుకోవచ్చు.

నాలుగో పని: చర్మ పరీక్ష

కొత్త ట్యూబు ఏదైనా ముంజేతి లోపలివైపు శనగగింజంత రాసి ఒక రోజు ఆగండి. దద్దుర్లు, దురద, పొక్కులు రాకపోతే వాడండి.

ఐదో పని: ఎంత, ఎలా

ఎక్కువమందికి జెల్ పనిచేయకపోవడానికి కారణం మందు కాదు, కొలత. బఠాణీ గింజంత తీసుకుని మోకాలంతా పులిమేస్తారు. అది తడవడానికే సరిపోదు.

కొలత సులువే. చూపుడు వేలు చాచండి. వేలి చివరి గీత నుంచి కొసదాకా ట్యూబు నుంచి ఒక వరుసగా జెల్ పిండితే అది సుమారు అర గ్రాము. పెద్దవాళ్ళ మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ ఒక్కసారికి 2 నుంచి 4 గ్రాములు కావాలి. అంటే కనీసం నాలుగు వేలికొసల పొడవు. మణికట్టు, మోచెయ్యి, వేళ్ళకు 2 గ్రాములు చాలు. రోజుకు మూడు నాలుగు సార్లు. ఒక మోకాలికి 2 గ్రాముల చొప్పున మూడుసార్లు రాస్తే రోజుకు 6 గ్రాములు, 30 గ్రాముల ట్యూబు ఐదు రోజులకే అయిపోతుంది. మీ ఇంట్లో ఒక ట్యూబు రెండు నెలలు వచ్చిందంటే మీరు మందు రాయలేదు, వాసన రాశారు. ఖర్చు ఎక్కువనిపిస్తే జన ఔషధి కేంద్రాల్లో అదే మందు జనరిక్‌గా తక్కువ ధరకు అడగండి. ఒంటినంతా కలిపి రోజుకు 32 గ్రాములు మించకూడదు.

రాసే పద్ధతి ఇలా.

ముందు ఆ చోటు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి ఆరనివ్వండి. పాత నూనె జిడ్డు మీద, పౌడరు మీద జెల్ రాస్తే మందు లోపలికి పోదు. వేడినీళ్ళ స్నానం చేసి ఉంటే చర్మం మామూలు చల్లదనానికి వచ్చేవరకు కనీసం అరగంట ఆగండి. వేడి చర్మం మందును అవసరానికి మించి పీల్చుకుంటుంది, ఘాటు మందులైతే మంట రెట్టింపవుతుంది.

జెల్‌ను మోకాలి చిప్ప మీద ఒక్కచోటే కుప్పగా పెట్టకుండా ముందు, రెండు పక్కలా నాలుగు చోట్ల చుక్కలుగా పెట్టండి. అరచేత్తో మెత్తగా, గుండ్రంగా పరచండి. నొప్పి ఎక్కువగా చిప్పకు లోపలివైపు, కీలు గీత వెంబడి ఉంటుంది. బొటనవేలితో తడిమి ఆ గీత దొరికించుకుని అక్కడ ఒకటికి రెండుసార్లు తిప్పండి. మోకాలి వెనక గుంట దగ్గర గట్టిగా నొక్కొద్దు, అక్కడ పెద్ద రక్తనాళాలు ఉంటాయి. నిమిషం, నిమిషంన్నర చాలు. రుద్దినకొద్దీ మందు ఎక్కువ దిగుతుందనుకోవడం అపోహ.

పది నిమిషాలు ఆరనిచ్చి బట్ట వేసుకోండి. గంటసేపు ఆ చోటు తడపొద్దు. చేతులు సబ్బుతో కడుక్కోండి. అయితే వేళ్ళ కీళ్ళ కోసమే రాసుకుంటే కడుక్కోవద్దు, గంట ఆగి కడగండి. ఈలోపు కంట్లో చేతులు పెట్టొద్దు, ముద్దలు కలపొద్దు, పిల్లల్ని ఎత్తుకోవద్దు. అందుకే అమ్మకు భోజనం అయ్యాక రాత్రి తొమ్మిదింటి పూత, పొద్దున కాఫీ అయ్యాక ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటి అని పెట్టాం. డైక్లోఫెనాక్ రాసిన చర్మాన్ని ఎండకు ఎక్కువగా చూపకండి, కొందరికి కమిలిపోతుంది.

క్యాప్సేసిన్ అయితే చేతికి పల్చటి గ్లవ్ వేసుకుని రాయండి. పొరపాటున కంటి దగ్గర, పెదవుల మీద తగిలితే నీళ్ళతో రుద్దితే ఇంకా పాకుతుంది. అది నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. చర్మం మీదైతే కొబ్బరినూనె అద్ది దూదితో తుడిచేసి తరవాత సబ్బు పెట్టాలి. మిరపకాయలు తుంచి వచ్చిన ఆడవాళ్ళు చేతులకు నూనె రాసుకునేది ఇందుకే. కంట్లో పడితే మాత్రం నూనెలు వద్దు, మంచినీళ్ళు ధారగా పోస్తూ కడిగి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఇంట్లో నొప్పుల నూనె చేసుకోవాలంటే

కండరాల అలసటకు, చలికాలపు బిగుసుకుపోవడానికి ఇంటి నూనెకు నా మనసులో ఎప్పుడూ ఒక చోటు ఉంది. అందులో పనిచేసేది ఎక్కువగా మర్దనా, వెచ్చదనం, మన మనిషి చెయ్యి. అవి చిన్న విషయాలు కావు. అయితే కొలత తప్పకూడదు.

కర్పూరం నూనెకు: గానుగ నువ్వుల నూనె 100 మి.లీ., కర్పూరం 5 గ్రాములు. సుమారు 5 శాతం. చర్మానికి పూసే మందుల్లో 3 నుంచి 11 శాతం దాకా వాడతారు. అమెరికాలో 11 దాటనివ్వరు. గుప్పెడు కర్పూరం బిళ్ళలు వేసేస్తే బలం పెరగదు, ప్రమాదం పెరుగుతుంది. బట్టల బీరువాలో పెట్టే కలరా ఉండలు కర్పూరం కావు, అవి నాఫ్తలీన్, విషం. నూనెను విడిగా ఒక గిన్నెలో, వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి, వేలు పెట్టి ఉంచగలిగేంత వెచ్చబెట్టండి. పొయ్యి ఆపి, దూరం జరిగాక మాత్రమే పొడిచేసిన కర్పూరం కలపండి. కర్పూరం ఆవిరి 65 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. మరిగే నూనెలో కర్పూరం వేయడం దీపం మీద పెట్రోలు పోయడం లాంటిది. కలిపి, మూత పెట్టి, చల్లారాక ముదురు రంగు గాజు సీసాలో పోయండి.

వావిలాకు తైలానికి ఓపిక కావాలి. చేలగట్ల మీద, వాగుల ఒడ్డున ఐదేసి ఆకులతో, నీలం పూలతో ఉండే చెట్టు వావిలి. బాలింతలకు ఆ ఆకు మరిగించిన నీళ్ళతో స్నానం చేయించడం మనకు తెలిసినదే. ఆయుర్వేదంలో తైలానికి పాత లెక్క ఒకటుంది: ఆకు ముద్ద ఒక వంతు, నూనె నాలుగు వంతులు, కషాయం పదహారు వంతులు. దాని ప్రకారం అర కిలో ఆకును 4 లీటర్ల నీళ్ళలో వేసి లీటరు మిగిలేదాకా సన్నటి మంట మీద మరిగించి వడకట్టండి. మందపాటి గిన్నెలో పావు లీటరు నువ్వుల నూనె, ఆ లీటరు కషాయం, 60 గ్రాముల ఆకు ముద్ద కలిపి చిన్న మంట మీద పెట్టండి. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. రెండు మూడు గంటలు పడుతుంది. నీళ్ళున్నంతసేపు బుడబుడమంటుంది. నీరు ఇగిరాక చప్పుడు తగ్గి, పైన తెల్లటి నురగ కడుతుంది. అప్పుడు అడుగు ముద్దను కొంచెం తీసి, చల్లార్చి వేళ్ళ మధ్య నలిపితే వత్తిలా చుట్టుకోవాలి. దాన్ని నిప్పుకు చూపితే చిటపట అనకుండా కాలాలి. చిటపటమంటే ఇంకా తడి ఉందని, ఆ నూనె నాలుగు రోజుల్లో కంపు కొడుతుందని అర్థం. సరిగ్గా పాకానికి వచ్చాక దించి వేడి మీదే గుడ్డలో వడకట్టండి. ఈ పని మా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాను. నురగ చూడ్డం ఆమెకు తెలిసినంత బాగా నాకు ఇంకా రాలేదు, నేను వత్తి పరీక్షనే నమ్ముకుంటాను.

మర్దనా ఎప్పుడూ గోరువెచ్చని నూనెతో. పిక్క, తొడల మీద కింది నుంచి పైకి, గుండె వైపు పొడవుగా చెయ్యి నడపండి. కీళ్ళ చుట్టూ గుండ్రంగా. మర్దనా చేయించుకుంటున్నవాళ్ళు ముఖం చిట్లిస్తే బలం తగ్గించండి. పది నిమిషాలు చాలు. అయ్యాక పాదాల జిడ్డు తుడవడం మరిచిపోవద్దు. మోకాళ్ళ నొప్పికి నూనె రాసుకుని, బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

కాపడం ఎప్పుడు పెట్టాలి

ముందు కాపడం, తరవాత పూత. మధ్యలో చర్మం చల్లారాలి. బామ్ గానీ జెల్ గానీ రాశాక దాని మీద హీటింగ్ ప్యాడ్, వేడినీళ్ళ సంచి, ఉప్పు మూట, గట్టి కట్టు, ప్లాస్టిక్ చుట్టడం ఏవీ పెట్టకూడదు. మా అమ్మకు జరిగింది ఇదే. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ గట్టిగా ఉన్న పూతలతో వేడి లేకుండానే కొందరికి చర్మం కాలుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరించింది. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళు కాపడం వేడిని తమంతట తాము చూసుకోకూడదు. ఇంట్లో ఇంకొకరు మోచేత్తో తాకి చూసి పెట్టాలి.

పసుపు సున్నం పట్టు మన ఇళ్ళలో బెణుకులకు అలవాటు. పసుపుతో పేచీ లేదు. సున్నం ఎక్కువై, రాత్రంతా ఉంచితే చర్మం ఒరుసుకుపోతుంది. జిల్లేడు ఆకు వెచ్చచేసి కట్టేవాళ్ళు దాని పాలు చర్మానికీ, ముఖ్యంగా కంటికీ తగలకుండా చూసుకోవాలి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. పచ్చి వెల్లుల్లి నూరి కట్టినా పొక్కుతుంది. అవి లేకుండా గడుస్తుంది కాబట్టి నేను మా ఇంట్లో మానిపించేశాను. వాటి బదులు వెచ్చటి ఉప్పు మూట.

ఎవరు వాడకూడదు

రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్ ఉన్నవి అసలు వద్దు. కర్పూరం నోట్లోకి వెళ్తే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. పన్నెండేళ్ళలోపు వాళ్ళకు పెద్దల జెల్ డాక్టరు చెబితేనే. గర్భిణులు అడగకుండా ఏదీ రాయొద్దు. ఆఖరి మూడు నెలల్లో డైక్లోఫెనాక్ వద్దేవద్దు. ఆస్పిరిన్ పడక ఆయాసం వచ్చేవాళ్ళు, వార్ఫరిన్ వాడేవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరును అడగాలి. జెల్ రాస్తూ అదే రకం నొప్పి మాత్ర కూడా వేసుకుంటే రెండూ కలిసి మోతాదు పెరుగుతుంది. పుండు, గీత, గజ్జి ఉన్న చర్మం మీద ఏదీ వద్దు.

నొప్పి తగ్గిన గంట ఏం చేయాలి

పూత ఇచ్చే ఉపశమనాన్ని మంచం మీద గడిపేస్తే సగం వృథా. రాసి అరగంట అయ్యాక, మోకాలు కాస్త వదిలినప్పుడు, కుర్చీలో కూర్చుని కాలు చాచి తొడ కండరం బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పది సార్లు, పొద్దున, సాయంత్రం. తొడ బలంగా ఉంటే మోకాలి మీద భారం తగ్గుతుంది. అమ్మ టీవీ సీరియల్ ప్రకటనల సమయంలో ఇవి చేస్తుంది. మొదటి వారం విసుక్కుంది, ఇప్పుడు నేను మరిచిపోయినా ఆమే కాలు చాస్తుంది.

ఎన్నాళ్ళు రాయాలి

కండరాల నొప్పి, బెణుకులకు వారం. వారంలో తగ్గకపోతే, లేదా ముదిరితే చూపించుకోండి. మోకాళ్ళ అరుగుదలకు డైక్లోఫెనాక్ జెల్ సరైన కొలతలో రెండు వారాలు రాసి చూడండి. అప్పటికీ తేడా లేకపోతే ఇంకో ట్యూబు కొనడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్ళండి. "ఏదో జెల్ రాశాం" అంటే డాక్టరుకి ఏమీ తెలియదు.

ట్యూబు తెరిచిన రోజే మూత మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాయండి. ఎండ తగలని చోట, పిల్లలకు అందని ఎత్తులో, టూత్‌పేస్టుకు దూరంగా పెట్టండి. అమ్మ బిస్కెట్ డబ్బాలో ఇప్పుడు రెండే ఉన్నాయి: మోకాళ్ళకు జెల్ ఒకటి, పిక్కలకు వావిలాకు నూనె ఒకటి. దేనికేదో డబ్బా మూత లోపల పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను. రాత్రి కళ్ళజోడు లేకుండా కూడా ఆమె చదువుకోగలుగుతోంది.